కుండలరాజు చావని మూడు రోజులు

మూడో రోజు సూర్యుడు నడినెత్తికి వచ్చినా కుండలరాజు ఇంకా చావలేదు.

ఆ కథలో ఆయన తెల్లవారుజామునే చావాలి. పొద్దుగుంకగానే దీపం పెట్టి ఆట మొదలుపెడితే, కోడి కూసే వేళకు రాజు శత్రువు బాణానికి కూలతాడు, మేళం మంగళం పాడుతుంది, జనం చాపలు చుట్టుకుని ఆవులిస్తూ ఇళ్ళకు పోతారు. కోనమయ్య మేళం మూడు తరాలుగా ఆ కథను అట్లాగే ఆడుతూ వచ్చింది. ఈసారి మాత్రం రాజు చావడం మానేశాడు. వేటకు వెళ్ళాడు. దారి తప్పాడు. ఏ పాతప్రతిలోనూ లేని ముగ్గురు రాక్షసులను వరసగా సంహరించాడు. ఎక్కణ్ణించో ఊడిపడిన నాగకన్యను పెళ్ళాడి, ఆమె తండ్రి పెట్టిన పరీక్షలన్నీ నెగ్గి, అలిగిన పెద్దభార్యను ఒక పూటంతా బతిమాలాడు. ఇప్పుడు అడవిలో ఒక ఎలుగుబంటితో నాలుగోసారి కుస్తీ పడుతున్నాడు.

రాజు చస్తే మంగళం పాడాలి. మంగళం ముగిస్తే ఆ ఎలుగుబంటి తల తెగుతుంది.

ఎలుగుబంటి తోలులో ఉన్నది కాంస్యపురి యువరాజు జయకేతు. ఆరు నెలల కిందట అతని తండ్రిని చంపి సింహాసనం ఎక్కిన మాంత్రికుడు ధూమకేశుడు, ఆ వంశంలో మిగిలిన ఈ ఒక్క ప్రాణం కోసం రాజ్యమంతా జల్లెడ పడుతున్నాడు. యువరాజును కోటగోడ మీద నుంచి తాడు కట్టి దింపి, తమ మేళంలో వేషగాడిగా కలిపేసి, సరిహద్దు దాకా తెచ్చినవాడు ఓబుళుడు. ఓబుళుడు కోనమయ్య కొడుకు. వేషం కట్టడు, పద్యం పాడలేడు. మేళంలో తాళ్ళపని అతనిది. దేవతలను ఆకాశం నుంచి దించేదీ, రాక్షసులను పాతాళం నుంచి లేపేదీ అతని చేతులే.

సంగడిపేట దాటితే శంఖినీ నది. నది దాటితే జయకేతు మేనమామ ఏలుతున్న వజ్రకూటం. తీరా రేవు కనుచూపు మేరకు వచ్చాక, సంతమైదానంలో పందిరి వేస్తూండగా నాలుగు దిక్కులా దుమ్ము లేచింది. మూడువందల గుర్రాలు. కోనమయ్య అప్పటికి ముఖానికి పచ్చని అర్దళం రంగు ఒక చెంపకే పూసుకుని ఉన్నాడు. ఆ దుమ్మును ఒక్కసారి చూసి, అట్లాగే లేచి కిరీటం పెట్టుకుని, దీపం వెలిగించి ప్రార్థన ఎత్తుకున్నాడు. భార్య వరదమ్మ పరుగున వెళ్ళి పందిరినీ, జనం కూర్చున్న చాపలనూ చుట్టి బియ్యప్పిండితో గీత గీసింది. గీత రెండు కొసలూ కలిసిన క్షణానికి మొదటి గుర్రం డెక్క దానికి జానెడు దూరంలో ఆగింది.

అది రంగరేఖ. కాంస్యపురిని కట్టిన రణధవళ మహారాజు ఆటగాళ్ళకు ఇచ్చిన వరం. ప్రార్థన మొదలు మంగళం ముగిసేవరకు, దీపం వెలుగుతూ, చాప మీద ఒక్కరైనా కూర్చుని చూస్తూ ఉన్నంతవరకు, ఆయుధంతో గానీ, మంత్రంతో గానీ, వట్టి చేతులతో గానీ కీడు తలపెట్టి ఆ గీత దాటినవాడి అంగం కట్టెగా మారిపోతుంది. తొలిరోజే ఒక పడుచు సైనికుడు ఇదంతా ముసలమ్మల కబుర్లేనని కత్తి దూసి చెయ్యి చాచాడు. వేళ్ళ నుంచి మోచేతి దాకా అతని చెయ్యి చిటపటమంటూ బెరడు కట్టడం అందరూ విన్నారు. అతను గీత మీద పడి ఏడుస్తుంటే వరదమ్మ వచ్చి ఆ చేతికి పసుపూ నూనే రాసింది. కట్టెకు పసుపు రాసి లాభం లేదని ఆమెకు తెలుసు. అయినా మోచేతి దగ్గర, బెరడూ చర్మమూ కలిసేచోట, మెల్లగా రెండుసార్లు రాసింది.

ఆ సాయంత్రమే ధూమకేశుడు వచ్చాడు. ఆయన తలవెంట్రుకలు ఒక్కొక్కటీ అప్పుడే ఆర్పిన వత్తిలా సన్నగా పొగ చిమ్ముతూ ఉంటాయి. అడుగు వేసినచోట గడ్డి వాడదు గాని, రంగు వెలిసి బూడిదలా నిలబడుతుంది. నల్లపట్టు ఉత్తరీయం అంచున వెండిజరీతో అల్లిన తేళ్ళు బారులు తీరి ఉంటాయి. ఆయనకు కోపం వస్తే అవి కొండులెత్తుతాయి. గీత చుట్టూ ఒకసారి తిరిగి, ఆయన చాపల వైపు చూశాడు.

"నూరు అంకెలు లెక్కపెడతాను. ఆ తరువాత చాప మీద ఉన్నవాడి ఇల్లు తగలబెడతాను."

జనం తలలు వంచుకుని ఒకరి తరువాత ఒకరు లేచిపోయారు. వాళ్ళను ఎవరూ తప్పుపట్టలేదు. నూరో అంకె పడేసరికి ఒక్క ముసలామె మిగిలింది. గంపల నాంచారమ్మ. ఒడిలో వెదురుబద్దలు పెట్టుకుని, వేదిక మీద నుంచి చూపు తిప్పకుండా గంప అల్లుకుంటూ ఉంది.

"ముసలీ, నీ ఇల్లు కాలుస్తాను!"

"కాల్చు నాయనా. ముందు కట్టించి కాల్చు. నిరుడు వరదకు పునాది మట్టి కూడా మిగల్లేదు."

"నీ కొడుకులు?"

"ఇద్దరూ నీ యుద్ధంలోనే పోయారు. ఇంకేం మిగిలిందో నువ్వే వెతుక్కో. నేను మాత్రం కుండలరాజు చావు చూడందే లేవను. ఏటా ఆ ఘట్టానికే నాకు కునుకు పడుతుంది."

వెండి తేళ్ళు కొండులెత్తాయి. ఆమె మరో వెదురుబద్ద చీల్చుకుంది.

అల్లిన గంపలను ఆమె ఎప్పటికప్పుడు వేదిక మీదికి విసురుతూ వచ్చింది. ఆటకు మెచ్చి చూసేవాళ్ళు ఏది విసిరినా కాదనడానికి రాజుకు కూడా హక్కు లేదు. ఆ గంపలు వేదిక అడుగున ఉన్న గోతిలోకి పోయాయి. రాక్షసుల ప్రవేశం కోసం ఓబుళుడు ప్రతి ఊళ్ళోనూ తవ్వే పాతాళపు గుంట అది. ఈసారి అతను ఆ గుంటలో నుంచి తూర్పుకు సొరంగం తవ్వుతున్నాడు. పన్నెండు బారల దూరంలో ఒక పాత దిగుడుబావి ఉంది. ఎప్పుడో ఎద్దు పడి చస్తే ఊరివాళ్ళు దానిపై బండ కప్పేశారు. ఇప్పుడు దాని మీద గడ్డి మొలిచి సైనికుల గుర్రాలు మేస్తున్నాయి. అందులో నుంచి నదికి ఒక తూము పోతుంది. బండ కప్పకముందు, ఏటా ఈ మైదానంలో దిగినప్పుడు అందులో నుంచి మేళానికి నీళ్ళు తోడింది ఓబుళుడే కాబట్టి అతనికి ఆ సంగతి తెలుసు.

తవ్విన మట్టి ఆ గంపల్లో పైకి వచ్చి వేదిక మీద కొండ అయింది. కొండకు ఒక గుహ, గుహలో ఒక ఎలుగుబంటి. ఎలుగుబంటి కుస్తీకి బయటికి వచ్చినప్పుడు ఓబుళుడు తవ్వుతాడు. గుహలోకి పారిపోయినప్పుడు ఇద్దరూ తవ్వుతారు. పలుగు చప్పుడు వినపడకుండా పైన వేషగాళ్ళు గజ్జెకాళ్ళతో వేదిక పలకలు అదరగొడతారు. మిగతా వేషగాళ్ళు వంతులవారీగా తెర వెనక నడుం వాల్చారు. కోనమయ్యకు మాత్రం ఆ వీలు లేదు. ఒకసారి తలకెత్తిన కిరీటం మంగళం దాకా దిగకూడదు, మరో తలకు మారకూడదు. ఆయనకు డెబ్బై ఏళ్ళు.

మూడో నాటి నడిమధ్యాహ్నం ధూమకేశుడు గీత అంచుకు వచ్చి నిలబడ్డాడు.

"కోనమయ్యా, నీ కొండ నిన్నటి కంటే పెరిగింది."

కోనమయ్య పలకలేదు. ఎలుగుబంటి ఆయనను రెండు చేతులా బిగించి పట్టుకుని ఉంది. మద్దెల ముందు కూర్చున్న చెన్నప్ప జవాబిచ్చాడు. ఆ మేళంలో చేతులతో సమానంగా నాలుక ఆడేది అతనికే.

"కిరీటంలో ఉన్నవాణ్ణి సొంత పేరున పిలవకూడదు ప్రభూ. కుండలరాజా అనండి, పలుకుతాడు. కొండ సంగతంటారా, పాపం ఉన్న పక్కకు మట్టి పెరుగుతుందని మా అవ్వ చెప్పేది. తమరు నిలబడ్డ వైపే పెరిగింది చూడండి."

వెనక వరసలో ఒక సైనికుడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ధూమకేశుడు తల తిప్పలేదు.

"రాజ్యంలో పదకొండు మేళాలుండేవి. నా ముద్ర లేకుండా ఎవడూ దీపం పెట్టరాదన్నాను. కోమలాపురం మేళం తన కిరీటాలను పొయ్యిలో పెట్టుకుంది. మల్లికార్జుని మేళం కథానాయిక నా కోటలో పిండి విసురుతోంది. తక్కినవాళ్ళ సంగతి నీకు నేను చెప్పనక్కరలేదు. ఆ ముద్ర నీ ఒక్కడికే ఇస్తాను. రాతి రంగస్థలం, పట్టుతెరలు, ఏడాదికి నూరు ఆటలు. నీ తరువాత నీ కొడుక్కు, వాడి కొడుక్కు. నువ్వు చెయ్యాల్సిందల్లా కుస్తీలో ఆ ఎలుగును కాస్త గట్టిగా తొయ్యడం. గీత అవతలికి పడితే తప్పు నీది కాదు, ఆటది."

కోనమయ్య అప్పటికీ పలకలేదు. ఆలోచిస్తున్నాడనుకుని ధూమకేశుడి పెదవుల మీద చిరునవ్వు మొలిచింది. నిజానికి కోనమయ్య నిద్రపోతున్నాడు. రెండో రోజు నుంచీ ప్రతి కుస్తీలోనూ జరుగుతున్నది అదే. ముసలాయన తల తన భుజానికి తగలగానే జయకేతు ఆయనను రొమ్ముకు అదుముకుని, గుర్రుమంటూ, కాళ్ళు మార్చి మార్చి తొక్కుతూ నిలబెట్టేస్తున్నాడు. చూసేవాళ్ళకది భయంకరమైన పట్టు. ఆ పట్టులో ఆయనకు చిటికెడు చిటికెడుగా నిద్ర దొరుకుతోంది.

యువరాజు మాంత్రికుడి మాటలన్నీ విన్నాడు. ముసలాయన చెవిలో "మామా, లే. వాడు జవాబు అడుగుతున్నాడు" అన్నాడు.

కోనమయ్య కళ్ళు తెరిచాడు. మాటలు ఎంతవరకు విన్నాడో గాని, గొంతు సవరించుకుని, చెయ్యెత్తి, కుండలరాజు గొంతుతోనే అన్నాడు.

"ఎవరు వారు, మా అడవి అంచున నిలిచి బేరమాడుతున్నది? ఈ ఎలుగు మాతో పోరాడుతున్నంతసేపూ మా అతిథి. అతిథిని గెంటిన రాజు కథను మేము ఆడము."

నాంచారమ్మ చంక కింద గంప పెట్టి చప్పట్లు కొట్టింది. ధూమకేశుడు ఆసనం తెప్పించుకుని గీత పక్కనే కూర్చున్నాడు. "నీకు డెబ్బై ఏళ్ళు. నాకు తొందర లేదు" అన్నాడు. ఎవరూ లోపలికి నీటిచుక్క పోనివ్వరాదని ఆజ్ఞ వేశాడు. ఆయన అటు తిరగగానే, కట్టెచెయ్యి సైనికుడు ఎడమచేత్తో ఒక తోలుతిత్తిని గీత మీదుగా దొర్లించి, తన గుర్రం జీను సర్దుకుంటున్నట్టు పక్కకు తిరిగాడు.

ఇద్దరు వేషగాళ్ళు తెర పట్టారు. తెర వెనక కోనమయ్య నిలబడి తిత్తిలోని నీళ్ళు తాగాడు. వరదమ్మ ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టి, రంగు చెరగకుండా పైటకొంగుతో అద్దింది. పొణికి చెక్క కిరీటం అంచు నుదుటి మీద ఎర్రని గాడి కోసింది.

"కాస్త వదులు చెయ్యనా?"

"వదులైతే జారుతుందే."

ఆమె తడిగుడ్డ మడిచి కిరీటానికీ నుదుటికీ నడుమ దూర్చింది. ఆయన కళ్ళు మూసుకుని "అబ్బ" అన్నాడు, ఎవరో పెద్ద కానుక ఇచ్చినట్టు.

గుంటలో నుంచి ఓబుళుడు తల పైకెత్తాడు. ఒళ్ళంతా ఒండ్రు మట్టి.

"నాన్నా, బావి గోడ తగిలింది. రెండు రాళ్ళు ఊడదీస్తే చాలు. ఒక్క ఘడియ నిలబడు."

"నిలబడక కూర్చుంటానా? కుండలరాజు కూర్చునే ఘట్టం పొద్దున్నే అయిపోయిందిరా."

"యువరాజు దొర బావిలోకి దాటగానే నేను పలుగుతో మూడు దెబ్బలు కొడతా. అప్పుడు ఒక్కొక్క పాత్రా గుహలోకి నిష్క్రమించాలి. అమ్మా, నువ్వు ముందు."

"నేను వంతదాన్నిరా. వంత ముందు పోతే పాటెవరు పాడతారు? నీ పని నువ్వు చూసుకో" అంది వరదమ్మ. కొడుకు కనుబొమల మీది మట్టిని బొటనవేలితో తుడిచి, తల కిందికి నొక్కింది.

ఎలుగుబంటి గుహలోకి పారిపోయింది. తెర దిగింది. కుండలరాజు నాలుగో రాక్షసుణ్ణి వెతుక్కుంటూ ప్రవేశించాడు. చెన్నప్ప దరువు వాయిస్తున్నాడు. రెండు రోజులుగా అతను కళ్ళు మూసుకునే వాయిస్తున్నాడు. కళ్ళు నిద్రపోయినా చేతులు మేలుకునే ఉన్నాయి.

కోనమయ్య నాలుగు అడుగులు వేశాడు. అయిదో అడుగు పడలేదు. దీపానికి కుడివైపున, నలభై ఏళ్ళుగా కుండలరాజు బాణం తగిలి పడే చోటనే ఆయన పడ్డాడు. కిరీటం పలకకు కొట్టుకుని టక్కుమంది.

ఆయన పడిపోయినా తెర పట్టగలిగేవాళ్ళే. నాగకన్యనో పెద్దభార్యనో దింపి మరో ఘట్టం ఆడగలిగేవాళ్ళే. కాని ఆ చప్పుడుకు చెన్నప్ప చేతులు నలభై ఏళ్ళుగా ఒకే ఒక్క పని చేశాయి. దరువు ఆగింది. మద్దెల మీద మంగళం నడక మొదలైంది. పక్కనే కునికిపాట్లు పడుతున్న తాళగాడు ఉలిక్కిపడి తాళం కలిపాడు.

అప్పుడు చెన్నప్ప కళ్ళు తెరిచాడు. తన చేతులను ఎవరివో అన్నట్టు చూశాడు. ఆపడానికి లేదు. ఎత్తుకున్న మంగళాన్ని నడుమ తుంచితే రంగరేఖ ఆ క్షణమే చెరిగిపోతుంది.

"అక్కా..." అన్నాడు.

వరదమ్మ భర్తనే చూస్తోంది. కుండలరాజు పడేటప్పుడు కుడిచెయ్యి గుండె మీద వేసుకుంటాడు. ఇప్పుడా చెయ్యి పలక మీద వెల్లకిలా పడి ఉంది. ఆమె వెళ్ళి కూర్చుని ఆయన తలను ఒళ్ళో పెట్టుకుంది. ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూసింది. తరువాత ఆ వేళ్ళను మెల్లగా మూసుకుంది.

ధూమకేశుడు ఆసనం మీద నుంచి లేచాడు. మూడువందల కత్తులు ఒరల్లో కదిలాయి.

"పాడు" అన్నాడు ఆయన.

మంగళానికి మూడు చరణాలు. దీపానికొకటి, చాప మీది జనానికొకటి, మోసిన నేలకొకటి. వరదమ్మ ఎత్తుకుంది.

"దీపమా, మా చెమటనూ రంగునూ చూసినదానా, నీకు మంగళం..."

ఆ మేళంలో ఎవరూ మంగళాన్ని అంత విలంబంలో వినలేదు. ఒక్కొక్క అక్షరాన్నీ ఆమె ఊపిరి అంచుదాకా సాగదీసింది. చెన్నప్ప ఏడుస్తూ, ఆమె గొంతును దాటకుండా, దెబ్బకూ దెబ్బకూ నడుమ ఎంత దూరం పెట్టగలడో అంత దూరం పెట్టాడు.

భూమి కింద, బావిగోడ రాయి సందులో ఓబుళుడి పలుగు ఆగిపోయింది.

మద్దెల మారడం అతను ముందే విన్నాడు. నాన్న ఏదో కొత్త ఎత్తు వేశాడనుకున్నాడు. కాని మంగళంలో మొదటి చరణం కిరీటం పెట్టుకున్నవాడిది. రాజు చచ్చిన చోటనే పడుకుని దాన్ని పాడతాడు. ఒళ్ళు కాలే జ్వరంలో కూడా కోనమయ్య దాన్ని మరొకరికి ఇవ్వలేదు. ఇప్పుడు అమ్మ పాడుతోంది.

"ఓబుళా, ఏమైంది?" వెనక నుంచి జయకేతు అడిగాడు.

"నాన్న పోయాడు" అని ఓబుళుడు పలుగు ఎత్తి రాయిని కొట్టాడు.

జయకేతు అతని భుజం పట్టుకున్నాడు. "ఆపు. వాడికి కావలసింది నేను. బయటికి నడిచి వెళతాను. మీవాళ్ళయినా..."

"నువ్వు నడిచినా పాక్కుంటూ పోయినా వాడు వాళ్ళను వదలడు దొరా. పట్టు ఈ కొస! తొయ్యి!"

మొదటి రాయి ఊడి అవతల ఎక్కడో లోతున నీళ్ళలో పడింది. చల్లని గాలి ముఖానికి కొట్టింది. పైన రెండో చరణం నడుస్తోంది. రెండో రాయి కదలలేదు. యువరాజు ఎలుగుతోలు చించి పారేసి, వెల్లకిలా పడుకుని రెండు కాళ్ళతో తన్నాడు. రాయి, దానితో పాటు గోడలో ఒక పెళ్ళ, కూలిపోయాయి. ఓబుళుడు తాడు నడుముకు చుట్టుకుని దూకాడు. జయకేతు వెంటనే దూకాడు.

ఏ కాలపు రాజు కట్టించాడో, ఆ దిగుడుబావి నేలలోకి దింపిన కోటలా ఉంది. నాలుగు వైపులా మెట్లు, మెట్టు మెట్టుకూ నోరు తెరిచిన రాతి సింహాలు, సింహాల నోళ్ళ నిండా పచ్చని పాచి. పైన కప్పిన బండ పగులులో నుంచి ఒకే ఒక్క ఎండచార నూలుపోగులా వేలాడుతోంది. ఆ వెలుగుకు గబ్బిలాలు వేలకు వేలు ఒక్కసారిగా విచ్చుకుని సుడి తిరిగాయి. ఓబుళుడు నీళ్ళలో మునిగి గోడ తడిమాడు. మనిషి పట్టేంత తూము. దానికి అడ్డంగా చింతచెక్క పలక, పలకకు ఇనుపకడియం. తాడు కడియంలో దూర్చి, రెండో కొసను సింహం మెడకు మెలివేసి, ఇద్దరూ బరువంతా వేసి లాగారు. పలక కిర్రుమంది. కదలలేదు.

పైన మూడో చరణం చివరి మాట సాగి, సన్నబడి, ఆగింది.

ధూమకేశుడు పాదం ఎత్తాడు.

"మరొక్కసారి!"

చాప మీద నుంచి వచ్చింది ఆ గొంతు. నాంచారమ్మ వెదురుబద్దలు కింద పడేసి, రెండు చేతులూ ఎత్తి అరుస్తోంది. "మరొక్కసారి తల్లీ! మొదటి నుంచీ!"

చూసేవాళ్ళు ఏ పాటను మళ్ళీ అడిగినా, దాన్ని మళ్ళీ పాడేదాకా ఆట ముగియదు. పద్యాలకు అడుగుతారు, దరువులకు అడుగుతారు. మంగళానికి ఇంతవరకు ఎవరూ అడగలేదు. అప్పటికి అందరికీ ఇంటి ధ్యాసే. గీత చెరగలేదు, ఎండలో ముగ్గులా తెల్లగా మెరిసింది. ధూమకేశుడు పాదం వెనక్కి లాక్కున్నాడు. బొటనవేలు అప్పటికే చిటపటమంది. పాదుక మీద అది చిన్న ఎండుకొమ్మలా నిలబడి ఉంది.

నాంచారమ్మ ఏడుస్తోంది. "ఆయన తల ఒళ్ళో పెట్టుకున్నదానివి, నిన్ను మళ్ళీ పాడమంటున్నా. నన్ను తిట్టుకో తల్లీ. నాకింకేం తోచలేదు."

వరదమ్మ తలాడించింది. భర్త నుదుటి మీది తడిగుడ్డ సరిచేసింది. చెన్నప్ప వేళ్ళు మద్దెల మీద ఆనాయి.

"దీపమా..."

ధూమకేశుడు కట్టెవేలిని చూసుకున్నాడు. తరువాత మట్టికొండను చూశాడు. గుహను చూశాడు. అందులో నుంచి ఎంతసేపటికీ ఎలుగుబంటి రావడం లేదు. ఆయన వెంట్రుకల పొగ నల్లగా గుప్పుమంది.

"వాడు భూమి కింద ఉన్నాడు! గుర్రాలెక్కండి! నది ఒడ్డంతా పరుచుకోండి. తూమో బొరియో ఎక్కడ కనిపిస్తే అక్కడ ఈటెలు దించండి!"

గుర్రాల డెక్కలు బావి మీది బండను దడదడలాడిస్తూ తూర్పుకు పోయాయి. రాలిన మట్టి ఓబుళుడి తల మీద పడింది. డెక్కల చప్పుడు దూరమయ్యాక ఆ పాట మళ్ళీ వినిపించింది, మొదటి చరణం నుంచి.

"ఎవరో మరొక్కసారి అడిగారు" అన్నాడు ఓబుళుడు.

"ఎన్నిసార్లు అడగవచ్చు?"

"అడిగేవాళ్ళ గొంతు ఉన్నన్నిసార్లు. పాడేవాళ్ళ గొంతు ఉన్నన్నిసార్లు." అతను తాడును అరచేతికి మరో చుట్టు చుట్టుకున్నాడు. "అమ్మ మూడు రోజులుగా పాడుతోంది దొరా. లాగు."

లాగారు. పలక జానెడు లేచి జారింది. రెండో చరణం. మళ్ళీ లాగారు. ఓబుళుడి అరచెయ్యి చీలి తాడు ఎర్రబడింది. మూడో చరణం మధ్యలో వరదమ్మ గొంతు పగిలింది. పగిలిన గొంతుతోనే ఆమె చివరిదాకా వచ్చింది. ఆ వెంటనే ముసలి గొంతు, బొంగురుగా, "మరొక్కసారి!"

ఈసారి మొదటి చరణం ఎత్తుకోవడానికి వరదమ్మకు గొంతు రాలేదు. మద్దెల ఒంటరిగా ఒక ఆవర్తం తిరిగింది. రెండోది తిరిగింది. మూడోదానికి చెన్నప్ప, పాట ఎన్నడూ పాడనివాడు, శ్రుతి లేని గొంతుతో అందుకున్నాడు. తాళగాడు కలిశాడు. తెర పట్టేవాళ్ళిద్దరూ కలిశారు.

"దొరా, ఊపిరి పట్టు. గుర్రాలు నదికే పోయాయి, అవతల ఈటెలుంటాయి. తేలకు, నేను చెయ్యి వదిలేదాకా తేలకు."

పాట తుంచి ఎవరూ గుహలోకి రాలేరు, మూడు దెబ్బలు కొట్టి లాభం లేదని ఓబుళుడికి తెలుసు. అతను సింహం మెడకు కాలు తన్నిపెట్టి వెనక్కి వాలాడు. తాడు తెగింది. దానితో పాటే పలక విరిగింది. బావి నీరంతా ఒక్కసారి గర్జించి తూములోకి దూకింది. ఎండచార, సింహాలు, గబ్బిలాలు గిర్రున తిరిగి చీకటైపోయాయి. అతను యువరాజు జుట్టు చేతికి చుట్టుకున్నాడు. రాళ్ళు భుజాలను గీరుతుంటే ఇద్దరూ నది వైపు కొట్టుకుపోయారు.

నీళ్ళు చెవులు మూసేశాయి. పైన పాట సాగుతోందో ఆగిపోయిందో అతనికి ఇక వినపడలేదు.